వెలుగు ముందు, గింజ తర్వాత

పెనం మీద గింజలు వేగుతున్నాయి. తినే గింజలు కావు. కెమెరాల పెట్టెలో చెమ్మ చేరకుండా ఉంచే గింజలు, సన్నటి గాజుపూసల్లా ఉంటాయి. చెమ్మ తాగాక లేత గులాబీ రంగులోకి వస్తాయి. సన్నని సెగ మీద గరిటెతో కదుపుతుంటే మెల్లగా నీలంగా మారతాయి. అన్నీ నీలమయ్యాక గుడ్డసంచిలో పోసి పెట్టెలో పెట్టాలి. రెండేళ్ళుగా నా పొద్దుటి పని అది.

"మళ్ళీ ఎక్కించావా నా పొయ్యి మీద?" అంది అక్క. "పాలు కాచుకోవాలి, దించు."

"రెండు నిమిషాలక్కా. ఇంకా గులాబీ పోలేదు."

"ఎవరైనా చూస్తే ఈ ఇంట్లో పూసలు వేయించుకు తింటారనుకుంటారు."

కిటికీ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతున్న అమ్మ తలెత్తకుండానే అంది. "తింటే తిన్నారు. నీ వంట తిన్న నోటికి అదో లెక్కా?"

"ఊరి నుంచి వచ్చీ రాగానే దాని పక్క చేరావా?" అంది అక్క. ముగ్గురం నవ్వుకున్నాం.

అమ్మ ముందురోజు సాయంత్రమే వచ్చింది. ఆ రోజు పదకొండింటికి, పుస్తకాలు వేసే ఆవిడ ఇంటికి రావాలి. అమ్మ ఉన్న ఫొటో కూడా పుస్తకంలోకి వెళుతుందని నేనే ఫోన్ చేసి రమ్మన్నాను.

ఇల్లు అక్కావాళ్ళది. బావ పొద్దున్నే ఆఫీసుకు పోతే చీకటి పడే వేళకు గానీ రాడు. ముందుగది అక్క మావగారిది. నేను మావయ్యా అని పిలుస్తాను. పనిచేసిన రోజుల్లో ఆయన ఫొటోగ్రాఫరు. బతకడానికి పెళ్ళిళ్ళూ గుర్తింపు కార్డులూ తీశారు. తనకోసం మాత్రం ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు తీసుకున్నారు.

మన కంటికి కనబడే వెలుగుకు అవతల ఇంకో వెలుగుంటుందని నాకు మొదట చెప్పింది ఆయనే. దాన్ని పట్టే నలుపు తెలుపు ఫిల్ము ఒకటి అప్పట్లో దొరికేదట. పూర్తి చీకట్లో, చేతులతో తడుముకుంటూ కెమెరాలో ఎక్కించాలి. దాంతో తీస్తే పచ్చని ఆకులన్నీ మంచు కురిసినట్టు తెల్లగా వస్తాయి. ఆకాశం, నీళ్ళు నల్లబడతాయి. మనిషి చర్మం పాలలా ఉంటుంది, కళ్ళు మాత్రం చీకటి గుంటలు. తెల్లటివాటి అంచుల నుంచి వెలుగు పొగలా పక్కకు పాకుతుంది. ఆ ఫిల్ము తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మావయ్య తీసిన నెగెటివ్‌లు డాబా మీద గదిలో చెమ్మకు బూజు పట్టి పోయాయి. తొమ్మిదే మిగిలాయి.

మా ఊరి బడిలో ఉన్న తరగతులన్నీ చదువుకుని, ఏదైనా పని దొరుకుతుందేమోనని అక్క దగ్గరికి వచ్చిన కొత్తలో, మావయ్య ఆ తొమ్మిదింటి ప్రింట్లూ నాకు చూపించారు. ఎంతసేపు చూశానో నాకు తెలీదు.

"ఏంటి పిల్లా, కళ్ళతో తినేస్తున్నావు?" అన్నారు.

"ఇలాంటివి ఇప్పుడు తీయలేమా మావయ్యా?"

"ఫిల్మేదీ? ఉన్నా నా చేతులు చూడు." చేతులు చాచి చూపించారు. బల్ల మీద పెట్టినా వణుకుతున్నాయి. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు.

అలా మొదలైంది. ఆయన పాత డిజిటల్ కెమెరాను రిపేరతను విప్పి, ఆ కనబడని వెలుగును అడ్డుకునే చిన్న గాజుబిళ్ళను లోపల్నుంచి తీసేసి, దాని చోట మామూలు వెలుగును ఆపే నల్లబిళ్ళ పెట్టాడు. అంతే, ఆకులు తెల్లగా వచ్చేశాయి. ఎగిరి గంతేసినంత పనిచేసి ప్రింటు పట్టుకెళ్ళి చూపించాను.

"కడిగి బోర్లించిన గాజుగ్లాసులా ఉంది" అన్నారు మావయ్య. "వెలుగు పాకలేదు. గింజ లేదు."

గింజంటే ఫిల్ము మీద కనబడే ఇసుకలాంటి గరుకు. కంప్యూటర్లో వెలుగు పాకేలా చేసి తెచ్చాను. "పౌడరు డబ్బా బోర్లా పడ్డట్టుంది" అన్నారు. తగ్గించి తెచ్చాను. "కళ్ళజోడు మర్చిపోయి బజారుకెళ్ళినవాడికి ఇలా కనబడుతుంది" అన్నారు. ఏడాది గడిచింది. ఇంట్లో అందరికీ నేనొక నవ్వులాట. బావయితే, "మీ పిండి పట్టడం ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాడు.

ఒకరోజు మావయ్య నెగెటివ్‌ను భూతద్దం కింద పెట్టి ఊరికే చూస్తూ కూర్చున్నాను. చూస్తూ కూర్చోవడం నాకు బాగా వచ్చు. వెలుగు పాకి మసకబారిన చోట కూడా గింజ పదునుగానే ఉంది. అప్పుడు అర్థమైంది. ఫిల్ములో వెలుగు ముందు పాకుతుంది. ఆ తర్వాతే గింజలు దాన్ని పట్టుకుంటాయి. నేను ముందు గింజ వేసి, దాని మీద వెలుగు పాకించి, ఆ గింజనూ కరిగించేస్తున్నాను. పని వరస తిప్పేశాను. గింజ కోసం మావయ్య నెగెటివ్‌లో ఆకాశం ముక్కను స్కాన్ చేసి వాడాను.

ఆ ప్రింటును ఆయన భూతద్దంతో మూలమూలా వెతికారు. భూతద్దం పక్కన పెట్టి, "ఇది నేను తీసిందే కదా?" అన్నారు.

"కాదు మావయ్యా. మొన్న కాలవ గట్టున నేను తీశాను."

"తెలుసులే. ఊరికే అడిగాను."

ఆ సాయంత్రమే మాటిచ్చారు. "తొమ్మిదితో పుస్తకం కాదు పిల్లా. ముందు నావి, వెనక నీవి వేద్దాం. పాత ఫిల్ము ఒక పక్క, ఇవాళ దాన్ని మళ్ళీ పుట్టించిన చెయ్యి ఒక పక్క. నీ సగం మీద నీ పేరే ఉంటుంది."

"సగం ఎక్కడ మావయ్యా, మీవి తొమ్మిదే కదా. నేనింకా చాలా చేస్తాను."

"లెక్కలు బాగానే నేర్పారే మీ ఊరి బడిలో."

నా పేరు అప్పటివరకూ అచ్చులో ఎక్కడా లేదు. బడి రిజిస్టరులో కూడా చేతిరాతే. పుస్తకంలో ఆ పేజీ ఎలా ఉంటుందో అనుకుంటూ, బస్సులో కూర్చున్నప్పుడు కిటికీ అద్దం మీద వేలితో పేరు రాసి చూసుకునేదాన్ని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ప్రింట్ల వెనక తేదీ, చోటు రాసుకోబోతే మావయ్య వద్దన్నారు. "పెన్సిలు ఒత్తిడికి ముందువైపు ముద్ర పడుతుంది. నేనెప్పుడూ రాయలేదు. గుర్తుపెట్టుకోవాలి, అంతే." ఆయన చేతి అలవాట్లన్నీ నావయ్యాయి. ఇదీ అయింది.

అమ్మ ఫొటో మా ఊరి బడి గోడ దగ్గర తీశాను. గోడ వెంట వరసగా యూకలిప్టస్ చెట్లుంటాయి. ఇలాంటి ఫొటోకు నడినెత్తిన ఎండ కావాలి. గాలి ఆగాలి, ఆకు కదిలితే తెలుపు చెదిరిపోతుంది. అమ్మను నల్ల శాలువా కప్పుకుని చెట్ల కింద నిలబడమన్నాను.

"ఈ ఎండలో శాలువా ఏంటే? నన్ను ఉడకబెట్టి తీస్తావా ఫొటో?"

"నల్లది ఎలా వస్తుందో చూడాలమ్మా."

"నా మోకాలు ఎలా వస్తుందో అది కూడా చూడు."

అలా అంటూనే నిలబడింది. గాలి ఆగక మూడు మధ్యాహ్నాలు నిలబడింది. మూడోరోజు, ఒక్క క్షణం ఆకులన్నీ ఊపిరి బిగబట్టినట్టు ఆగాయి. ఫొటోలో నల్ల శాలువా చెట్లతో పాటే తెల్లబడిపోయింది. ముఖం మీద గీతలన్నీ పోయాయి. కళ్ళు మాత్రం రెండు నల్లని చుక్కలు. ప్రింటు పట్టుకెళ్ళి చూపిస్తే అమ్మ చేత్తో తడిమింది.

"ఇది నేనా? చచ్చి మీ నాన్న దగ్గరికి పోయాక ఇలా ఉంటానేమో. ఆయన గుర్తుపడతాడో లేదో" అంది. తర్వాత నెమ్మదిగా, "పుస్తకంలో వేస్తారా నిజంగా?" అంది.

ఇరవై రెండు పూర్తయ్యాయి. ఆవిడ వచ్చే రోజున, పొద్దున్నే ముందుగదిలో బల్ల మీద రెండు దొంతులు పెట్టాను. ఎడమ పక్క మావయ్యవి, కుడి పక్క నావి. స్నానం చేసి వచ్చి చూస్తే ముప్ఫై ఒకటీ కలిసిపోయి వరసగా పరిచి ఉన్నాయి.

"ఎవరక్కా కలిపింది?"

"నేనే. చూడ్డానికి బావుంటుందని" అంది అక్క, కుర్చీ తుడుస్తూ. నా వైపు చూడలేదు. ఆవిడ వచ్చే వేళయిందని నేను మళ్ళీ విడదీయలేదు.

పుస్తకాలావిడ పొడుగ్గా, కళ్ళజోడు గొలుసుతో మెడలో వేసుకుని ఉంది. వచ్చీ రాగానే సంచిలోంచి తెల్లటి చేతితొడుగులు తీసి వేసుకుంది. అది చూడగానే నాకు ఆవిడ నచ్చింది.

"మా అమ్మండి. ఊరి నుంచి వచ్చింది" అని అక్క చెబితే, లేచి నిలబడి అమ్మకు నమస్కారం చేసింది. అమ్మ మురిసిపోయింది.

"మీ వియ్యంకులు ఎంత పని చేశారో మీకు తెలుసా అమ్మా?" అంది ఆవిడ. "ముప్ఫై ఒక్క నెగెటివ్‌లు ఇన్నేళ్ళూ పెట్టెలో పడి ఉన్నాయంటే నమ్మలేకపోయాను."

ముప్ఫై ఒకటి అని ఎందుకందో నాకు వెంటనే తట్టలేదు. పొరపాటు పడిందనుకున్నాను. మావయ్య సరిదిద్దుతారని ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

ఆవిడ ఒక్కొక్కటే తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తోంది. కాలవ గట్టు ఫొటో దగ్గర ఆగింది. నాది. "ఇప్పుడు కంప్యూటర్లలో ఇలాంటివి చాలామంది చేస్తున్నారండీ. నాకు చూడగానే తెలిసిపోతుంది. మసకలో వాళ్ళ గింజ కరిగిపోతుంది. ఇది చూడండి, వెలుగు పాకిన చోట కూడా ఎంత పదునుగా ఉందో. ఇది ఫిల్ముకు తప్ప రాదు."

నన్ను అంతకుముందు ఎవరూ అంతగా పొగడలేదు. ఆ తర్వాతా పొగడలేదు. ఆవిడ మాత్రం మావయ్య ముఖం చూస్తూ మాట్లాడుతోంది.

"అప్పట్లో మాకు అదే తెలుసమ్మా" అన్నారు మావయ్య.

ఆవిడ ప్రింటు తిప్పి చూసింది. "వెనక ఏమీ రాయలేదే?"

"నాకు రాసే అలవాటు లేదు."

అమ్మ టీ తెచ్చింది. కప్పులు ఒక్కొక్కటే బల్ల చివర, ఫొటోలకు దూరంగా పెడుతోంది. అప్పుడే ఆవిడ చేతిలోకి బడి గోడ ఫొటో వచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఉన్నచోటే పట్టుకుని ఉండిపోయింది.

"ఈవిడెవరండీ?"

అమ్మ ఆవిడకు రెండడుగుల దూరంలో ఉంది. ఇందాక నమస్కారం పెట్టిన మనిషే. ఫొటోలో ఆ ముఖం పాలలో ముంచి తీసినట్టుంది, గుర్తుపట్టకపోవడం ఆవిడ తప్పు కాదు. అమ్మ కప్పు పెట్టడం ఆపి, కాస్త సిగ్గుగా, మావయ్య వైపు చూసింది. చెల్లెమ్మా అని పిలిచే మనిషి కదా, ఆయనే చెబుతారనుకుంది.

మావయ్య ఫొటో వైపు ఒక్కసారి చూశారు. "గుర్తులేదమ్మా. దారిన పోయే మనిషెవరో. ఆగమన్నాను, ఆగింది."

"పేరైనా అడగలేదా?"

"ఆ రోజుల్లో ఎవరడిగేవారు?"

ఆవిడ ఫొటోను జాగ్రత్తగా పక్కన పెట్టి, "అట్ట మీద ఇదే వేస్తాను" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"మావయ్యగారికి స్కానింగూ అదీ చేసిపెడుతుందండి" అంది అక్క నాకంటే ముందు. "ఓపిక ఎక్కువ మా చెల్లికి."

"అంతేనా?" అని ఆవిడ నన్నే అడిగింది. ఊరికే మర్యాదకే అడిగింది. కానీ అడిగింది.

అమ్మ నన్ను చూస్తోంది. నేను మావయ్యను చూస్తున్నాను. ఆయన నోటి నుంచే మాట వస్తుందని ఇంకా ఎదురుచూస్తున్నాను.

"అవునండి" అన్నాను.

ఆవిడ ముప్ఫై ఒక్క ప్రింట్లూ పలచని కాగితాల మధ్య పెట్టుకుని, అందరికీ పేరుపేరునా చెప్పి వెళ్ళింది. అమ్మ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను బల్ల దగ్గరే నిలబడ్డాను.

"మావయ్యా, ముప్ఫై ఒకటీ మీవేనా?"

"అరవకు."

"నేను అరవలేదు."

"ఆవిడ ఫోన్లోనే చెప్పేసింది పిల్లా, కొత్తగా చేసినవి వద్దని. అవి ఎవరైనా చేస్తారంది. పాత నెగెటివ్‌లు ఇంకా ఉంటేనే పుస్తకమంది. తొమ్మిదే ఉన్నాయంటే ఫోన్ పెట్టేసేది."

"ఎప్పుడు చెప్పింది?"

అక్కే చెప్పింది. "చలి మొదలవక ముందు."

చలి వెళ్ళిపోయి ఎండలు కూడా ముదిరాయి. ఈ మధ్యలో నేను పదకొండు ఫొటోలు చేశాను. ప్రతిదీ తెచ్చి చూపించాను. ప్రతిసారీ మావయ్య భూతద్దం పెట్టి చూసి, ఇక్కడ వెలుగు ఎక్కువైంది, ఇక్కడ గింజ చాల్లేదు అని దిద్దించారు. ఆ దిద్దింపులన్నీ నాకోసమనుకున్నాను. అమ్మను తీసింది కూడా ఆ పదకొండులోనే.

"వెనక రాయొద్దన్నది ఇందుకేనా?"

"కాదు." మావయ్య తల ఎత్తి సూటిగా చూశారు. "అది నిజంగానే ముద్ర పడుతుందని. అప్పుడు నాకీ ఆలోచనే లేదు."

ఆ మాట నేను నమ్మాను. మొదట్నుంచీ మోసమే అయుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో. ఆయన నాకు నిజంగానే నేర్పారు. నిజంగానే మాటిచ్చారు. ఎప్పుడో ఒక రోజు, నేను పక్క గదిలో పని చేసుకుంటుండగా, మనసు మార్చుకున్నారు. మర్నాడు మళ్ళీ నాతో కూర్చుని టీ తాగారు.

"నీకేం, ఇంకా వయసుంది" అంది అక్క. "ఇలాంటివి ఇంకో వంద చేస్తావు. ఆయన ఇంకెన్ని తీస్తారు? పెద్దాయన పేరు నిలబడితే మనది కాదా? ఇంట్లోవాళ్ళమే కదా అందరం."

"ఇంట్లోవాళ్ళమైతే నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చెయ్యవని."

అలా సూటిగా చెబుతుందని అనుకోలేదు. అక్క కూడా అనుకోలేదేమో, పైకి చూస్తూ జుట్టు సర్దుకుంది.

"గింజ నాదే కదా" అన్నారు మావయ్య మెల్లగా. "నా ఆకాశంలోంచి తీసిందే కదా. నేను నేర్పిందే కదా. పూర్తిగా నావి కావని ఎలా అంటావు?"

"వెలుగు ముందు పాకాలని మీరు నేర్పలేదు. అది నేను కనిపెట్టాను."

"అది నా నెగెటివ్ చూసే కదా?"

"నా సగం మీద నా పేరుంటుందన్నారు. నా ఫొటోలు మావయ్యా అవి. నేను ఎండలో నిలబడి తీసినవి. నావి." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నా రెండేళ్ళు..."

లోపలి గది తలుపు తెరుచుకుంది.

అమ్మ సంచి భుజానికి తగిలించుకుని ఉంది. ముఖం కడుక్కుంది. తల దువ్వుకుంది. ఎంతసేపట్నుంచి ఆ తలుపు వెనక మా మాటలు వింటోందో తెలీదు. అన్ని మాటల్లోనూ తన ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

"ఎక్కడికమ్మా? బస్సు సాయంత్రం కదా?" అంది అక్క.

అమ్మ గది మధ్య నుంచి నడిచింది. ఖాళీ బల్లను దాటింది.

"చెల్లెమ్మా" అన్నారు మావయ్య, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోతూ. "కూర్చో చెల్లెమ్మా, ఒక్క మాట..."

గుమ్మం దగ్గర అమ్మ చెప్పుల కోసం చూసింది. కుడి చెప్పు వేసుకుంది. ఎడమ మోకాలు వంగదు, ఆ పట్టీ తనకు అందదు. ఎప్పుడూ నేనే వంగి పెడతాను. పెడదామని రెండడుగులు వేశాను. అమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు అడ్డంగా చాచింది, దగ్గరికి రావద్దన్నట్టు. తర్వాత పట్టీ అలా వేలాడుతుండగానే కాలు చెప్పులోకి దూర్చి, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి దిగి, వెళ్ళిపోయింది.